పలాస షెడ్డులో కెమెరాలు వైజాగ్ నుంచి కనబడట్లేదు, పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా సరే

కళ్లం_కుర్రాడు | శనివారం సాయంత్రం

నమస్తే అందరికీ. పలాసలో మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది, నాన్న చూసుకుంటారు, నేను ఉద్యోగం మీద వైజాగ్‌లో ఉంటున్నాను. సీజన్ మొదలైంది కదా, గింజలు రాత్రిపూట కూడా దిగుతుంటాయి, 80 కేజీల బస్తా ఒక్కటి లెక్క తప్పినా నాన్నకి నిద్ర పట్టదు. అందుకని ఆరు కెమెరాలు, ఎనిమిది ఛానెళ్ల ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) పెట్టించాం. షెడ్డు వైఫైలో ఉంటే ఫోన్‌లో అన్నీ బ్రహ్మాండంగా కనబడతాయి. గేటు దాటి మొబైల్ డేటాకి మారితే చాలు, "డివైస్ ఆఫ్‌లైన్".

బిగించినతను రౌటర్‌లో 80, 554, 8000 పోర్టులు ఫార్వర్డ్ చేశాడు (బయటి నుంచి ఆ నంబర్ల మీద వచ్చేది ఎన్‌వీఆర్‌కి పంపేలా), డీడీఎన్‌ఎస్ (ఐపీ మారినా ఒకే పేరుతో దొరికేలా చేసేది) కూడా పెట్టాడు, అయినా రాలేదు, ఇప్పుడు "నెట్ వాళ్లనడగండి" అంటున్నాడు. నెట్ వాళ్లేమో "మా లైన్ బాగుంది, కెమెరా వాళ్లనడగండి" అంటున్నారు. నాన్నేమో రోజూ నన్ను అడుగుతున్నారు. కనెక్షన్ ఎలగుందంటే, ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బా, దానికి మేం కొన్న రౌటర్, ఎందుకంటే ఆ డబ్బా వైఫై గింజలు ఆరబోసే కళ్లం దాకా రాదు, ఆ రౌటర్‌కి ఎన్‌వీఆర్. ఏటి చెయ్యాలో కాస్త చెప్పండి.

గంటస్తంభం | శనివారం సాయంత్రం

ముందు మూడు నంబర్లు చూడండి. మీ సొంత రౌటర్‌లో స్టేటస్ పేజీకి వెళ్తే వ్యాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) అని ఉంటుంది, అది ఒకటి. ఫైబర్ డబ్బా లోపలికి వెళ్లి అక్కడి వ్యాన్ ఐపీ చూడండి, అది రెండు. అదే వైఫైలో ఉండి "నా ఐపీ ఎంత" అని గూగుల్‌లో వెతికితే వచ్చేది మూడు. మొదటి రెండు అంకెల గుంపులు ఇక్కడ పెడితే చాలు, మొత్తం ఐపీ మాత్రం ఎక్కడా పోస్ట్ చెయ్యకండి.

ఇంకో మాట, టెస్ట్ చేసేటప్పుడు మొబైల్ డేటాలో చేశారు చూశారా, అది కరెక్ట్. చాలామంది ఇంట్లో వైఫైలోనే ఉండి బయటి అడ్రస్ కొట్టి రాలేదంటారు. లోపలి నుంచి బయటి ఐపీకి వెళ్లి మళ్లీ లోపలికి తిరిగి రావడం చాలా రౌటర్లు ఒప్పుకోవు, అంతమాత్రాన ఫార్వర్డింగ్ పని చెయ్యనట్టు కాదు.

కళ్లం_కుర్రాడు | శనివారం రాత్రి

నాన్న చేత వీడియో కాల్‌లో చూపించుకున్నాను. మా రౌటర్‌లో వ్యాన్ ఐపీ 192.168 తో ఉంది. ఫైబర్ డబ్బాలో 100.72 తో ఉంది. గూగుల్ చూపించింది 103 తో మొదలయ్యేది. మూడూ మూడు రకాలు!

వంశధార_గట్టు | శనివారం రాత్రి

దొరికింది మాస్టారూ. మీ బిగించినతని తప్పేం లేదు, మీ నాన్నగారిది అసలే లేదు.

మీకు రెండు అడ్డంకులున్నాయి. చిన్నది డబుల్ నాట్, అంటే ఫైబర్ డబ్బా ఒక రౌటర్, మీది ఇంకో రౌటర్, పోర్టులు రెండోదాంట్లో మాత్రమే తెరిచారు, బయటి నుంచి వచ్చింది మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. దాన్ని సరిచెయ్యొచ్చు. పెద్దది ఆ 100.72. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు మామూలువి కావు, నెట్ కంపెనీలు లోపల వాడుకోడానికని 2012లో విడిగా పక్కన పెట్టినవి. దీన్ని సీజీనాట్ అంటారు. ఐపీవీ4 అడ్రసులు చాలక వాళ్లు బోలెడు ఇళ్లకి కలిపి బయటకి ఒకే ఐపీ చూపిస్తారు, అదే మీకు గూగుల్‌లో కనబడిన 103. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు ఇస్తే పోస్టుమ్యాన్ ఉత్తరం పట్టుకుని వీధి మొదట్లో నిలబడిపోతాడు కదా, మీ ఫోన్ పంపే రిక్వెస్ట్ కూడా నెట్ కంపెనీ దగ్గర అలాగే నిలబడిపోతోంది. ఆ 103 వాళ్ల చేతిలో ఉంది, అందులో పోర్ట్ తెరవడం మీ రౌటర్ వల్ల కాదు. డీడీఎన్‌ఎస్ పెట్టినా అది ఆ ఐపీనే చూపిస్తుంది కాబట్టి దాని వల్ల లాభం సున్నా.

కాబట్టి బయటి నుంచి లోపలికి రావడం అనే ఆలోచన వదిలెయ్యాలి. లోపలి నుంచే ఏదో ఒకటి బయటకి వెళ్లి లైన్ పట్టుకుని ఉండాలి.

రాజాం_సీసీటీవీ | ఆదివారం ఉదయం

ఇదంతా ఎందుకు బావా. నేను ఇదే పని మీద తిరుగుతున్నవాణ్ణి. ఎన్‌వీఆర్ మెనూలో నెట్‌వర్క్, ప్లాట్‌ఫామ్ యాక్సెస్ అని ఉంటుంది, కొన్ని డబ్బాల్లో పీటూపీ అని ఉంటుంది, అది ఎనేబుల్ చెయ్యి, వెరిఫికేషన్ కోడ్ పెట్టు, స్టేటస్ ఆన్‌లైన్ అని పడగానే డబ్బా కింద ఉన్న క్యూఆర్ కోడ్ యాప్‌లో స్కాన్ చెయ్యి. పని అయిపోయింది. ఎన్‌వీఆర్ తనే వెళ్లి కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది కాబట్టి సీజీనాట్ ఉన్నా, డబుల్ నాట్ ఉన్నా దానికి అక్కర్లేదు. స్టేటస్ ఆఫ్‌లైన్ అనే చూపిస్తుంటే ఎన్‌వీఆర్‌లో గేట్‌వే (రౌటర్ అడ్రస్), డీఎన్‌ఎస్ (పేర్లని ఐపీలుగా మార్చే సర్వర్ అడ్రస్) ఖాళీగా వదిలేశారేమో చూడు, సగం కేసులు అక్కడే ఉంటాయి. పోర్ట్ ఫార్వర్డింగ్ నేను మానేసి చాలా కాలమైంది.

వంశధార_గట్టు | ఆదివారం ఉదయం

పని చేస్తుంది, కాదనను. కానీ మీ షెడ్డు వీడియో చూడాలంటే ఎవరిదో సర్వర్ బతికుండాలి, వాళ్లు యాప్ మారిస్తే మీరూ మారాలి. సర్వర్ ఎక్కడుందో, ఎవరు చూడగలరో మీకు తెలియదు. నాకైతే అది నచ్చదు. వీపీఎన్ (ఫోన్‌కీ షెడ్డుకీ మధ్య రహస్య దారి లాంటిది) పెట్టుకుంటే ఎవరి జోలీ ఉండదు.

రాజాం_సీసీటీవీ | ఆదివారం ఉదయం

అయ్యా, బొబ్బిలిలో బట్టల షాపాయనకి వీపీఎన్ అంటే ఏటో చెప్పి, ఫోన్‌లో అది ఆన్ చేశాకే కెమెరా యాప్ తెరవాలి అని చెప్తే, మర్నాడు పొద్దున్నే ఫోను. "మీరు పెట్టినదేదో నా ఫోన్‌పే ఆపేసింది" అని. మళ్లీ అక్కడికి వెళ్లే పెట్రోలు ఎవరిస్తారు చెప్పండి. అందరూ మీలాగ కంప్యూటర్ ముందు కూర్చోరు.

గంటస్తంభం | ఆదివారం ఉదయం

ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే ఎవరైనా ఈ చర్చ చదివి "సరే నాకు పబ్లిక్ ఐపీ ఉంది, పోర్టులు తెరిచేస్తాను" అనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. 2016లో మిరాయ్ అని ఒక మాల్‌వేర్ వచ్చింది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు వెతికి పట్టుకోవడమే దాని పని. దాని దగ్గరున్నది 60కి పైగా డీఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా మాత్రమే, అంతకు మించిన తెలివేం లేదు. అలా పోగు చేసిన వాటితో ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మార్చేశాం కదా అంటారా, 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడిన లోపానికి పాస్‌వర్డే అక్కర్లేదు, వెబ్ పోర్ట్ అందుబాటులో ఉంటే చాలు. కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) వేసుకున్నవాళ్లు బతికారు. మన దగ్గర నెట్‌కి తగిలించే కెమెరాలు సెక్యూరిటీ టెస్ట్ పాసయితేనే అమ్మాలని 2025 ఏప్రిల్ నుంచి రూలు వచ్చిందంటే ఊరికే రాలేదు.

నాగావళి_నీళ్లు | ఆదివారం మధ్యాహ్నం

శ్రీకాకుళంలో మా షాపుకి నేను స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ ఐపీ) తీసుకున్నాను, నెలనెలా అదనంగా కడుతున్నాను. ఫైబర్ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి లైన్ మాత్రమే ఇచ్చేలా) పెట్టించి పీపీపీఓఈ లాగిన్ (నెట్ కంపెనీ ఇచ్చే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) నా రౌటర్‌లో వేశాను, పోర్టులు తెరిచాను, హాయిగా పని చేసింది. తర్వాత ఓ రోజు ఎన్‌వీఆర్ లాగ్ తెరిచి చూద్దును కదా, ఎక్కడెక్కడి ఐపీల నుంచో అడ్మిన్, అడ్మిన్ అని లాగిన్ ప్రయత్నాలు పేజీలకి పేజీలు. 80 తీసేసి 8081 పెట్టాను, కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలయ్యాయి. పోర్ట్ నంబరు మారిస్తే ఎవడూ కనుక్కోలేడనుకోవడం భ్రమ, వాళ్లు అన్ని నంబర్లూ తడతారు. ఇప్పుడు ఆ పోర్టులన్నీ మూసేసి రౌటర్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకున్నాను, 51820 ఒక్కటే తెరిచి ఉంది, అది కూడా సరైన కీ లేనివాడికి జవాబే ఇవ్వదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆఫ్ చెయ్యండి, లేకపోతే ఎన్‌వీఆర్ తనంతట తనే పోర్టులు తెరిపించుకుంటుంది.

బ్రిడ్జ్ మోడ్‌కి వెళ్లేవాళ్లు డబ్బా రీసెట్ కొట్టే ముందు పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు రాసిపెట్టుకోండి. టీవీ, ల్యాండ్‌లైన్ కూడా అదే డబ్బా మీద వస్తుంటే అవి ఆగిపోవచ్చు, ముందే అడగండి.

కళ్లం_కుర్రాడు | ఆదివారం రాత్రి

అందరికీ థాంక్స్. స్టాటిక్ ఐపీ మా ఏరియాలో ఇవ్వం అన్నారు. రాజాం అన్న చెప్పినట్టు పీటూపీ ఆన్ చేస్తే నిజంగానే వచ్చింది, నాన్న ఫోన్‌లో కూడా పెట్టేశాం. కానీ ఆరు కెమెరాలూ ఒకేసారి తెరిస్తే తిరుగుతూనే ఉంటుంది, ఒకటి కదులుతుంటే ఐదు ఆగిపోతాయి. బస్తా మోసుకెళ్తున్న మనిషి షెడ్డు మధ్యలో గాల్లో కాలు పెట్టి ఆగిపోయి, మళ్లీ చూసేసరికి లారీ ఎక్కేసి ఉంటాడు.

రాజాం_సీసీటీవీ | ఆదివారం రాత్రి

మెయిన్ స్ట్రీమ్, అంటే పూర్తి క్వాలిటీ వీడియో లాగుతున్నావు. 4 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 కంప్రెషన్‌లో కూడా ఒక్కొక్కటి 2 నుంచి 4 ఎంబీపీఎస్ తింటుంది, ఆరుంటే లెక్కేసుకో. ఇక్కడ లెక్క నీ ఫోన్ డౌన్‌లోడ్ కాదు, షెడ్డులో అప్‌లోడ్. సబ్ స్ట్రీమ్ (తక్కువ క్వాలిటీది) సెట్టింగ్‌లోకి వెళ్లి 640x360, 12 ఫ్రేములు, 256 లేదా 512 కేబీపీఎస్ పెట్టు. యాప్‌లో అన్నీ కలిపి చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్, ఒకటి పెద్దది చేసినప్పుడు మెయిన్. రికార్డింగ్ మాత్రం మెయిన్‌లోనే ఉంచు, లేకపోతే రేపు మొహం పోల్చుకోలేవు.

బొబ్బిలి_అప్ప | ఆదివారం రాత్రి

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. విజయనగరంలో అమ్మ ఒక్కర్తే ఉంటుంది, హాల్లో ఒక వైఫై కెమెరా పెడదామంటే అది మా వైఫైకి ఎక్కనే ఎక్కట్లేదు. ఫోన్ ఎక్కుతోంది, టీవీ ఎక్కుతోంది. దీనికి కూడా ఈ పోర్టుల గొడవేనా?

గంటస్తంభం | ఆదివారం రాత్రి

కాదప్పా. చౌక వైఫై కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. మీ రౌటర్ 2.4, 5 రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటుంది, సెటప్ చేసేటప్పుడు ఫోన్ 5లో ఉంటే కెమెరా తికమక పడుతుంది. 2.4కి వేరే పేరు పెట్టి, ఫోన్‌ని దానికి కలిపి మళ్లీ చెయ్యండి. వైఫై పేరులో, పాస్‌వర్డ్‌లో వింత గుర్తులున్నా కొన్ని కెమెరాలు మొరాయిస్తాయి. పోర్టులతో మీకు పని లేదు. కెమెరా లోపల ఎస్‌డీ కార్డు వేస్తే నెట్ పోయినా రికార్డవుతుంది. అమ్మగారికీ, పని చెయ్యడానికి వచ్చే ఆవిడకీ కెమెరా ఉందని ముందే చెప్పండి.

బొబ్బిలి_అప్ప | ఆదివారం రాత్రి

అమ్మకి చెప్పాను. "నేనేం దొంగనా" అంది. రెండు రోజులు మాట్లాడదు, తర్వాత అదే సర్దుకుంటుంది. థాంక్స్ తమ్ముడూ.

వంశధార_గట్టు | సోమవారం

కళ్లం_కుర్రాడు గారూ, మీ వరకు మీరు వీపీఎన్ కూడా పెట్టుకోండి, నాన్నగారికి పీటూపీ ఉండనివ్వండి. సీజీనాట్ వెనక మామూలు వైర్‌గార్డ్ సర్వర్ కుదరదు, దానికీ బయటి నుంచి తలుపు కావాలి. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ అయితే రెండు వైపుల నుంచీ బయటకి వెళ్లి మధ్యలో కలుస్తాయి, నేరుగా కలవలేకపోతే వాళ్ల రిలే మీదుగా వెళ్తుంది, అప్పుడు కాస్త నెమ్మది. రాజాం బావ అడక్కముందే చెప్తున్నా, అవును, అదీ ఒకరి సర్వరే, కాకపోతే వీడియో మీ రెండు పరికరాల మధ్యనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, మధ్యవాడు తెరవలేడు.

షెడ్డులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న లినక్స్ డబ్బా ఒకటి కావాలి, రాస్ప్‌బెర్రీ పై అయినా పాత ల్యాప్‌టాప్ అయినా సరే. ఎన్‌వీఆర్ మీద యాప్ ఎక్కదు కాబట్టి ఈ డబ్బానే సబ్‌నెట్ రౌటర్‌గా పెట్టి షెడ్డు నెట్‌వర్క్ మొత్తాన్ని మీకు చూపించమనాలి. దాంట్లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చెయ్యాలి, వెబ్ కన్సోల్‌లో ఆ రూట్‌ని అప్రూవ్ చెయ్యాలి, ఈ రెండోది మర్చిపోయి తల బాదుకునేవాళ్లే ఎక్కువ. ఆ డబ్బాకి కీ ఎక్స్‌పైరీ కూడా ఆపెయ్యండి, లేకపోతే 180 రోజులకి లాగౌట్ అయిపోతుంది. టెయిల్‌స్కేల్ ఇచ్చే అడ్రస్ కూడా 100 తోనే మొదలవుతుంది, చూసి మళ్లీ సీజీనాట్ అనుకుని కంగారు పడకండి, అదే రేంజ్‌ని వాళ్లూ వాడుకుంటారు.

కళ్లం_కుర్రాడు | గురువారం

పాత ల్యాప్‌టాప్ ఆఫీసు బీరువా మీద పెట్టి చేశాను. మొబైల్ డేటాలో అద్భుతంగా వస్తోంది. విచిత్రం ఏంటంటే వైజాగ్ ఇంట్లో వైఫైకి మారగానే ఎన్‌వీఆర్ కనబడదు! ఆఫీసు వైఫైలో వస్తుంది, ఇంట్లో రాదు.

నాగావళి_నీళ్లు | గురువారం

షెడ్డులో రౌటర్ అడ్రస్ ఎంత, ఇంట్లో ఎంత?

కళ్లం_కుర్రాడు | గురువారం

రెండూ 192.168.0.1. ఓహో.

నాగావళి_నీళ్లు | గురువారం

అంతే. ఎన్‌వీఆర్ 192.168.0.64 అనుకుందాం, అది మీ ఇంట్లోనే ఉందనుకుని ఫోన్ ఇంట్లోనే వెతుకుతోంది. షెడ్డు రౌటర్‌ని 192.168.57.1కి మార్చండి, లేదా ఇంకెవరూ పెట్టుకోని నంబరు ఏదైనా. మార్చే ముందు ఎన్‌వీఆర్‌ని డీహెచ్‌సీపీలో (రౌటర్ ఇచ్చే అడ్రస్ తీసుకునేలా) పెట్టండి, లేకపోతే పాత అడ్రస్ పట్టుకుని వేలాడుతుంది. మారాక రౌటర్‌లో ఎన్‌వీఆర్ మ్యాక్ అడ్రస్‌కి (ఆ డబ్బా సొంత గుర్తింపు నంబరు) ఒక ఐపీ రిజర్వ్ చెయ్యండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎన్‌వీఆర్ కొత్త అడ్రస్ తెచ్చుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది. టెయిల్‌స్కేల్‌లో రూట్ కూడా కొత్తదానికి మార్చడం మర్చిపోకండి. కెమెరాలు నేరుగా ఎన్‌వీఆర్ వెనకున్న పీఓఈ పోర్టులకే (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా ఇచ్చేవి) గుచ్చి ఉంటే వాటి జోలికి వెళ్లక్కర్లేదు, వాటి నెట్‌వర్క్ ఎన్‌వీఆర్ లోపల వేరేగా ఉంటుంది.

కాశీబుగ్గ_కేబుల్ | గురువారం రాత్రి

కరెంటు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మన పలాస వైపు ఇది ముఖ్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు స్తంభాలు ఎలా పడిపోయాయో మనకి తెలుసు, అంతది రానక్కర్లేదు, రోజువారీ కోతలు చాలు. ఎన్‌వీఆర్‌కి ఒక్కదానికే యూపీఎస్ పెట్టి ఫైబర్ డబ్బాని వదిలేస్తే రికార్డింగ్ ఉంటుంది, బయటి నుంచి చూడ్డం ఉండదు. ఫైబర్ డబ్బా, రౌటర్ సాధారణంగా 12 వోల్టులవే, ఒక మినీ యూపీఎస్ చాలు. ఎన్‌వీఆర్‌లోంచి పీఓఈ ఇస్తుంటే దానికి మాత్రం ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, మినీ యూపీఎస్ మొయ్యలేదు.

కళ్లం_కుర్రాడు | శనివారం

అంతా సెట్టయింది. ఇంట్లో వైఫైలో కూడా వస్తోంది. రెండు చిన్న విషయాలు మిగిలాయి. వీడియో మీద టైము రెండున్నర గంటలు ముందుంది, రాత్రి పదకొండింటికి వచ్చిన లారీ ఒకటిన్నర చూపిస్తోంది, నాన్న డ్రైవర్‌తో గొడవ పెట్టుకున్నారు కూడా. రెండోది, కళ్లం చివరున్న కెమెరా పగలంతా బాగానే ఉంటుంది, చీకటి పడ్డాక ఆగి ఆగి రీస్టార్ట్ అవుతోంది.

రాజాం_సీసీటీవీ | శనివారం

టైము చైనాది. జీఎంటీ+8తో వచ్చింది, జీఎంటీ+5:30 పెట్టి ఎన్‌టీపీ (నెట్ నుంచి టైము సరిచేసుకునేది) ఆన్ చెయ్యి. పోలీసుకి ఎప్పుడైనా ఫుటేజ్ ఇవ్వాల్సి వస్తే మొదట చూసేది టైమే.

కాశీబుగ్గ_కేబుల్ | శనివారం

రెండోది కేబుల్. చీకటి పడగానే కెమెరాలో ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికి ఉండేవి) వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది, అప్పుడు వోల్టేజ్ చాలక కెమెరా పడిపోతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ వేసి ఉంటారు, దగ్గరున్న కెమెరాకి నడుస్తుంది, దూరం పెరిగితే ఇదే వరస. వంద మీటర్లు దాటితే అసలు రాగి కేబుల్ కూడా లెక్కలోకి రాదు. కేబుల్ చివర చిన్న ముక్క కోసి తీగని గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. ఎర్రగా ఉంటే మీ అదృష్టం, కనెక్టర్ ఒక్కటి మారిస్తే సరిపోవచ్చు. కెమెరాతో వచ్చిన ప్లాస్టిక్ క్యాప్ బిగించకుండా వదిలేస్తే తేమకి ఆ పిన్నుల మీద పచ్చగా చిలుం పడుతుంది.

కళ్లం_కుర్రాడు | శనివారం రాత్రి

నాన్న నిచ్చెనెక్కి ఫోటో తీసి పంపారు. క్యాప్ లేదు, దాని సంచి ఇంకా డబ్బాలోనే సీలు విప్పకుండా ఉంది. పిన్నులు పచ్చగానే ఉన్నాయి. తీగ గీకమంటే "అది నా పని కాదు" అన్నారు.

కాశీబుగ్గ_కేబుల్ | శనివారం రాత్రి

పెద్దాయన్ని నిచ్చెన దిగమనండి ముందు. రేపు అటు మందస వైపు పని ఉంది నాకు, క్రింపింగ్ టూల్, ఆర్‌జే45 కనెక్టర్లు బండిలోనే ఉంటాయి, వచ్చేటప్పుడు చూసి వెళ్తాను. అల్యూమినియం అయితే మాత్రం కేబుల్ కొనాలి, ఆ ఖర్చు మీదే. షెడ్డు ఎక్కడో పర్సనల్ మెసేజ్ పెట్టండి, ఇక్కడ పెట్టకండి.